గడువు తీరిన గింజ: విత్తనం వయసును మనిషి కొలిచిన చరిత్ర

విత్తనాల పొట్లం మీద కనిపించే గడువు తేదీ వ్యవసాయ చరిత్రలో చాలా కొత్త విషయం. పండిన పంటలో మేలైన కంకిని ఎంచి, గింజను ఆరబెట్టి, మరుసటి తొలకరి దాకా దాచిపెట్టడం కొన్ని వేల ఏళ్లుగా సాగుతున్న పని కాగా, అలా దాచిన గింజ ఎంతకాలం మొలకెత్తగలదో అంకెల్లో చెప్పే ప్రయత్నం పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపాలో ఊపందుకుంది. భారతదేశంలో అది 1966 నాటి విత్తన చట్టంతోనూ 1968 నాటి నిబంధనలతోనూ శాసనరూపం పొంది, ఈనాడు బెండ, టమాటా, సొర విత్తనాలు కొనే ప్రతి పెరటి సేద్యగాడి చేతికీ ఒక తేదీగా అందుతోంది. ఆ తేదీ దాటిన పొట్లం ఒకటి అల్మారాలోంచి బయటపడినప్పుడు నాటాలా, పారేయాలా అన్న సందేహం కలగడం సహజం. ఆ సందేహంలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. గింజ బతికి ఉందా అన్నది ఒకటి. అమ్మినవారు ఇచ్చిన మాటకు ఎన్నాళ్లు కట్టుబడి ఉండాలి అన్నది రెండోది. మొదటి ప్రశ్న గింజకు సంబంధించినది, రెండోది బజారుకు సంబంధించినది. ఈ రెండు ప్రశ్నలకూ వేర్వేరు చరిత్రలు ఉన్నాయి, వాటిని విడదీసి చదివినప్పుడే పొట్లం మీది తేదీకి అసలు అర్థం తెలుస్తుంది.

ప్రాచీనుల లెక్క

విత్తనం వయసు గురించిన తొలి స్పష్టమైన రాతలు క్రీస్తుకు పూర్వం నాలుగో, మూడో శతాబ్దాల మధ్య కాలానికి చెందిన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ గ్రంథంలో కనిపిస్తాయి. అరిస్టాటిల్ శిష్యుడైన ఈయన మొక్కల మీద రాసిన పెద్ద గ్రంథంలో, విత్తడానికి ఏడాది విత్తనం శ్రేష్ఠమనీ, రెండేళ్లది దానికన్నా తక్కువనీ, మూడేళ్లది ఇంకా నాసి అనీ, ఆపై వయసు గింజ తిండికి పనికొచ్చినా మొలకకు పనికిరాదనీ వరుసకట్టి చెప్పాడు. అంతటితో ఆగకుండా, కప్పడోసియా దేశంలో ఎత్తుగా, గాలి బాగా తగిలేలా ఉన్న ఒక చోట దాచిన గింజలు నలభై ఏళ్లయినా మొలకెత్తుతాయని జనం చెప్పుకొనే మాటను కూడా నమోదు చేశాడు. ఆ నలభై ఏళ్ల లెక్కను యథాతథంగా నమ్మనక్కరలేదు కానీ, ఒకే గింజ ఒకచోట మూడేళ్లకే చచ్చి మరొకచోట అంతకు ఎన్నో రెట్లు బతకగలదన్న గ్రహింపు అప్పటికే ఉందని ఆ వాక్యం చెబుతుంది. విత్తనం ఆయుష్షును దాని పుట్టుకతో పాటు దాచిన చోటు కూడా నిర్ణయిస్తుందన్న ఈ సత్యాన్ని ఆధునిక శాస్త్రం రెండు వేల ఏళ్ల తర్వాత సూత్రంగా రాసింది.

భారతదేశంలో కౌటిల్యుని అర్థశాస్త్రం ప్రభుత్వ సేద్యాన్ని చూసుకునే సీతాధ్యక్షుడికి ఒక అధ్యాయం కేటాయించి, ధాన్యం, కూర, పండు, పత్తి మొదలైన పంటల విత్తనాలను తగిన కాలంలో సేకరించి పెట్టుకోవడం ఆయన విధి అని చెప్పింది. విత్తే ముందు ధాన్యపు గింజలను ఏడు రోజుల పాటు రాత్రి మంచుకూ పగటి ఎండకూ పెట్టాలన్న సూచన కూడా అందులో ఉంది. దాచిన గింజను నిద్ర లేపి ఒకేసారి మొలకకు సిద్ధం చేసే పద్ధతిగా దాన్ని అర్థం చేసుకోవచ్చు. కృషి పరాశరం అనే సంస్కృత వ్యవసాయ గ్రంథం మాఘ ఫాల్గుణ మాసాల్లో విత్తనం సేకరించి ఎండలో బాగా ఆరబెట్టాలని, వాన తగిలినదీ పురుగు పట్టినదీ విడిచిపెట్టాలని చెబుతుంది. ఈ గ్రంథాలేవీ గింజకు తేదీ పెట్టలేదు. గింజను ఎప్పుడు తీయాలో, ఎలా ఆరబెట్టాలో, ఎక్కడ ఉంచకూడదో మాత్రమే చెప్పాయి. కాలాన్ని లెక్కించడం కన్నా తేమను తరిమేయడం ముఖ్యమన్న తెలివి వాటి వెనుక ఉంది.

తెలుగు ఇంటి విత్తన భాండాగారం

ఆ తెలివి తెలుగు పల్లెల్లో గ్రంథాల ద్వారా వచ్చినది కాదు, ఇంటి ఆడవారి చేతుల మీదుగా తరం నుంచి తరానికి అందినది. తిండిగింజలు గాదెల్లోకో, గరిసెల్లోకో, నేలలో తవ్విన పాతరల్లోకో పోతే, విత్తనపు గింజలు మాత్రం వేరుగా కుండల్లోకీ, పేడ అలికిన వెదురు గుమ్ముల్లోకీ, ఎండిన సొరబుర్రల్లోకీ చేరేవి. పాతరలో పోసిన జొన్నలు తిండికి బాగానే ఉన్నా విత్తనానికి పనికిరావని రైతులకు తెలుసు. నేల లోపలి ఉమ్మదనం, గింజలు వదిలే ఊపిరి వేడి, గాలి ఆడకపోవడం కలిసి మొలకను చంపుతాయి కనుక, విత్తనాన్ని నేలకు ఎత్తున, ఉట్టి మీదో అటక మీదో ఉంచడం ఆచారమైంది.

ఒక్కో గింజకు ఒక్కో పద్ధతి ఉండేది. బీరకాయను చెట్టునే ఎండనిచ్చి, గింజ బయటకు తీయకుండా కాయతోనే చూరుకు వేలాడగట్టేవారు. మొక్కజొన్న, జొన్న కంకులను పొయ్యి పైన దూలానికి కట్టేవారు. రోజూ తగిలే పొగ కంకిలోని తడిని పీల్చి, పురుగును దగ్గరకు రానిచ్చేది కాదు. సొర, గుమ్మడి గింజలను పచ్చి పేడలో అద్ది, పిడకలాగా గోడకు కొట్టి ఆరనిచ్చేవారు. ఆ పిడక విరిగేదాకా గింజ గోడ మీదే పదిలంగా ఉండి, పాదు తవ్విన రోజున పేడతో సహా మట్టిలోకి దిగేది. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టడం, పెసలు, అలసందల మీద జల్లించిన బూడిద పోయడం, కుండలో వేపాకు, వావిలాకు పరచడం కూడా ఇలాంటివే. బూడిద రెండు పనులు చేస్తుంది: గింజల సందుల్లోని తేమను లాగుతుంది, పురుగు ఒంటిని గీరి దాని లోపలి తడి ఆవిరైపోయేలా చేస్తుంది. విత్తనం ఆరిందో లేదో తేల్చడానికి వడ్లగింజను పంటి కింద పెట్టి కొరికేవారు. మెత్తగా నలిగితే మళ్లీ ఎండకు పోసేవారు, కటుక్కున విరిగితే కుండకెత్తేవారు. ఏ కొలత పరికరమూ లేని కాలంలో తేమ శాతాన్ని చెప్పిన పరీక్ష అదే.

ఈ పద్ధతి నేటికీ పూర్తిగా అంతరించలేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళా రైతులు జొన్న, కొర్ర, సామ, కంది వంటి పాత పంటల విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, ఒకరికొకరు పంచుకుంటూ, తీసుకున్నదానికి మించి తిరిగి ఇచ్చే కట్టుబాటుతో కాపాడుతున్నారు. ఆ బుట్టల మీద తేదీ ఉండదు. ప్రతి ఏటా కొంత విత్తి, పండించి, కొత్త గింజను బుట్టలోకి చేర్చడమే అక్కడి గడువు లెక్క.

అంకురార్పణ: మొలకను చూసే ఆచారం

గింజను నాటే ముందు దాని ప్రాణాన్ని పరీక్షించే అలవాటు పూజా విధానంలోకి కూడా చేరిందనడానికి అంకురార్పణం మంచి ఉదాహరణ. పెళ్లిళ్లలో, దేవాలయ ఉత్సవాల ఆరంభంలో జరిపే ఈ క్రతువులో, పాలికలు అనే మట్టిపాత్రల్లో మట్టి నింపి నవధాన్యాలను చల్లి, నీరు పోసి మొలకెత్తిస్తారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు రాత్రి విష్వక్సేనుల వారిని ఊరేగింపుగా తీసుకువెళ్లి మట్టి సేకరించే మృత్సంగ్రహణం జరిపి, ఆ మట్టితో పాలికలు నింపి యాగశాలలో విత్తనాలు చల్లుతారు. ఈ కార్యానికి అధిపతి సోముడు, అంటే చంద్రుడు కనుక, దాన్ని రాత్రిపూటే చేయడం ఆగమ సంప్రదాయం. మొలకలు ఒత్తుగా, పచ్చగా, నిటారుగా వస్తే కార్యం శుభంగా సాగుతుందని నమ్మకం. తెలంగాణ తండాల్లో లంబాడీ పెళ్లికాని ఆడపిల్లలు తీజ్ పండుగకు నానబెట్టిన గోధుమలను పుట్టమన్ను నింపిన బుట్టల్లో చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచి, ఏపుగా ఎదిగిన మొలకలను చూసి సంబరపడే ఆచారం కూడా ఇదే కోవకు చెందుతుంది.

ఈ ఆచారాలు విత్తన పరీక్ష కోసమే పుట్టాయని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. వాటి భక్తి, భావన వేరు. అయితే వాటి నిర్మాణాన్ని గమనిస్తే, వేర్వేరు ధాన్యాలను ఒకే మట్టిలో ఒకే రోజున చల్లి, నిర్ణీత దినాల తర్వాత మొలకల సంఖ్యనూ రంగునూ ఎత్తునూ చూడడం ఆధునిక ప్రయోగశాలలో మొలక పరీక్ష చేసే తీరుకు ఎంత దగ్గరగా ఉందో అర్థమవుతుంది. విత్తనం బాగుందని నోటితో చెప్పే మాట కన్నా అది మొలిచి చూపిన సాక్ష్యానికే విలువ ఎక్కువన్న భావం రెండింటిలోనూ ఉంది.

బజారులోకి వచ్చిన విత్తనం

ఇంటి గింజను ఇంటివారే విత్తుకున్నంత కాలం దాని వయసు రహస్యం కాదు. విత్తనం కొనుగోలు సరుకైన నాటి నుంచి చిక్కు మొదలైంది. పద్దెనిమిదో, పంతొమ్మిదో శతాబ్దాల్లో ఐరోపా, అమెరికాల్లో విత్తన వ్యాపారం పెరిగి, షేకర్లు అనే అమెరికన్ మతసమాజం వారు తోట విత్తనాలను చిన్న కాగితపు పొట్లాల్లో కట్టి ఊరూరా అమ్మడంతో, కొనేవారికీ పండించినవారికీ మధ్య దూరం పెరిగింది. గింజను చూసి జాతిని పోల్చుకోవచ్చునేమో కానీ, అది నిరుటిదో, నాలుగేళ్ల కిందటిదో కంటితో పోల్చుకోవడం దాదాపు అసాధ్యం.

ఈ అసాధ్యాన్నే కొందరు వ్యాపారులు లాభంగా మార్చుకున్నారు. బ్రిటన్‌లో ఖరీదైన కూర, పశుగ్రాస విత్తనాల్లో అదే రూపంలో ఉండే చవక గింజలను కలపడం, కలిపిన గింజలు మొలిచి మోసం బయటపడకుండా ముందే వాటిని వేడి చేసి చంపడం, రంగు తగ్గిన పాత గింజలకు రంగు వేసి కొత్తవాటిలా చూపడం జరిగేవి. చచ్చిన గింజ సాక్ష్యం చెప్పదు కనుక ఈ పద్ధతి వారికి క్షేమంగా ఉండేది. దీన్ని అరికట్టడానికి 1869లో బ్రిటిష్ పార్లమెంటు విత్తనాల కల్తీ నిరోధక చట్టం చేసి, గింజను చంపి కలపడాన్నీ రంగు వేయడాన్నీ నేరాలుగా ప్రకటించింది. అదే 1869లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతపు థారాంట్ అనే చిన్న పట్టణంలో ఫ్రెడ్రిక్ నొబ్బె అనే వృక్షశాస్త్రజ్ఞుడు ప్రపంచంలోనే మొదటి విత్తన పరీక్షా కేంద్రాన్ని నెలకొల్పాడు. బజారు విత్తనాల్లో పనికిరాని గింజలు ఎంతగా ఉన్నాయో లెక్కించి చూపి, స్వచ్ఛత ఎంత, మొలక శాతం ఎంత అన్న రెండు కొలతలతో విత్తనానికి విలువ కట్టే పద్ధతిని ఆయన స్థిరపరచి, 1876లో విత్తన శాస్త్రంపై పెద్ద గ్రంథం ప్రచురించాడు.

బ్రిటన్ చట్టం అబద్ధాన్ని నిషేధించగా, నొబ్బె కేంద్రం నిజాన్ని కొలవడం మొదలుపెట్టింది. పొట్లం మీది తేదీ ఈ రెండో దారిలో పుట్టింది. ఇలాంటి కేంద్రాలు దేశదేశాలకూ వ్యాపించాక, 1924లో ఏర్పడిన అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం ఏ గింజను ఎంత వేడిలో, ఎన్ని రోజులు, ఎన్ని గింజలతో పరీక్షించాలో ఒకే నియమావళిగా రూపొందించింది. 2019లో ఆ సంఘం మహాసభ హైదరాబాద్‌లో జరగడం, దక్కను పీఠభూమి పొడి వాతావరణం ఆధారంగా పెరిగిన తెలుగు ప్రాంతపు విత్తన పరిశ్రమకు దక్కిన గుర్తింపు.

గింజ ఎంతకాలం బతుకుతుంది?

వ్యాపారుల లెక్క ఒకవైపు సాగుతుండగా శాస్త్రజ్ఞులు ఇదే ప్రశ్నను మరో దారిలో వెతికారు. 1840ల నాటికి ఈజిప్టు సమాధుల్లో మమ్మీల పక్కన దొరికిన గోధుమలు మొలకెత్తి పంట పండాయన్న కథలు ఐరోపా అంతటా ప్రచారంలో ఉండేవి. పరీక్షలో ఆ కథలేవీ నిలవలేదు; నిజంగా సమాధుల్లోంచి తీసిన గోధుమలు నల్లబడి నిర్జీవంగా ఉన్నాయని తేలింది. 1846లో స్విస్ శాస్త్రజ్ఞుడు ఆల్ఫోన్స్ ద కందోల్ సుమారు పదిహేనేళ్లు నిలవ ఉన్న 368 జాతుల విత్తనాలను నాటి చూడగా 17 జాతులే మొలకెత్తాయి. వాటిలో అత్యధికం చిక్కుడు కుటుంబానికీ, బెండ, పత్తి చేరిన కుటుంబానికీ చెందినవి. గింజ పైపొర గట్టిగా ఉండి నీటిని సులువుగా లోనికి రానివ్వని జాతులకు ఆయుష్షు ఎక్కువన్న సూచన అక్కడే దొరికింది.

1879లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర వ్యవసాయ కళాశాల ఆచార్యుడు విలియం జేమ్స్ బీల్ మొదలుపెట్టిన ప్రయోగం ఈ చరిత్రలో అన్నిటికన్నా దీర్ఘమైనది. కలుపు మొక్కల గింజలు మట్టిలో ఎన్నాళ్లు బతికి ఉండి రైతును వేధిస్తాయో తెలుసుకోవాలని, ఆయన 21 జాతుల మొక్కల నుంచి ఒక్కో జాతికి 50 గింజల చొప్పున తీసి, తడి ఇసుకలో కలిపి, 20 సీసాల్లో నింపాడు. నీరు నిలవకుండా సీసాల మూతులు తెరిచి, వాటిని కిందికి వంచి పాతిపెట్టాడు. మొదట అయిదేళ్లకొకటి, తర్వాత పదేళ్లకొకటి, ఆపైన ఇరవై ఏళ్లకొకటి చొప్పున సీసా తీసి నాటుతూ, ఒక ఆచార్యుల తరం నుంచి మరో తరానికి ఆ చోటు పటాన్ని అప్పగిస్తూ వచ్చారు. వెలుతురు సోకితే మిగిలిన సీసాల్లోని గింజలు మేల్కొనవచ్చు కనుక తవ్వకం రాత్రివేళే జరుగుతుంది. 2021 వసంతంలో తెల్లవారక ముందే తీసిన సీసాలోని గింజల్లో, 142 ఏళ్లు భూమిలో ఉన్న తర్వాత కూడా 20 మొలకెత్తాయి. చివరి సీసా 2100లో బయటకు రావలసి ఉంది.

కొన్ని సంఘటనలు ప్రయోగం లేకుండానే జవాబు చెప్పాయి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం వృక్ష విభాగంలో, 1793లో చైనా నుంచి తెచ్చిన ఒక అల్బీజియా చెట్టు గింజలు ఎండిన నమూనాలుగా ఉండేవి. తెలుగు ఊళ్లలో దారుల పక్కన పెరిగే దిరిసెన చెట్టుకు అది దగ్గరి బంధువు. 1940లో బాంబుల వల్ల ఆ భవనం అంటుకున్నప్పుడు మంటలార్పడానికి పోసిన నీళ్లు తగిలి, 147 ఏళ్ల ఆ గింజల్లో కొన్ని మొలకెత్తాయి. ఉత్తర చైనాలో ఎండిపోయిన ఒక చెరువు అడుగున దొరికిన తామర గింజ సుమారు 1300 ఏళ్ల వయసులో మొలకెత్తిందని 1995లో ప్రచురితమైంది. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో 1960లలో దొరికిన దాదాపు 2000 ఏళ్ల ఖర్జూరపు గింజ 2005లో నాటితే మొలిచి చెట్టయింది. ఆ కోట ఎడారిలో ఉంది, తామర గింజ పెంకు రాయంత గట్టిది. ఈ అద్భుతాలన్నిటి వెనుకా నీటిని దూరంగా ఉంచిన పరిస్థితి ఒకటి ఉంది. అందుకే వీటిని చూసి పెరటి అల్మారాలోని ఉల్లి విత్తనానికి అంత ఆయుష్షు ఆశించడం పొరపాటు.

ముసలితనం లోపలి కథ

ఎండిన విత్తనం నిర్జీవం కాదు. అతి నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ, లోపలి అంకురాన్ని పప్పు బద్దల్లోని నిలవ ఆహారంతో నిలుపుకుంటూ ఉండే ప్రాణి. గాలిలోని తేమ గింజలోకి చేరినకొద్దీ ఆ ఊపిరి వేగం పెరిగి, కణాల చుట్టూ ఉండే పలుచని పొరలలోని కొవ్వు గాలి తగిలి చెడి, ఆ పొరలు కారడం మొదలై, చివరకు జన్యుపదార్థం కూడా దెబ్బతింటుంది. నూనె గింజలు త్వరగా పాతబడడానికి ఒక ముఖ్య కారణం ఇదే. కాయ ఒలిచిన వేరుసెనగ పప్పు నెలల్లోనే మొలక కోల్పోతుంది. మొలక శాతం పడిపోవడానికి చాలా ముందే సత్తువ తగ్గుతుంది. పాత గింజ మొలిచినా ఆలస్యంగా, ఒకటి ఇవాళ, మరొకటి వారానికి అన్నట్టు మొలుస్తుంది. వేరు సన్నగా ఉంటుంది, చలినీ బూజునూ తట్టుకోలేదు. పాత విత్తనం వేసిన నారుమడి అతుకుల బొంతలా కనిపించడానికి కారణం ఇదే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు హారింగ్టన్ ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఈ వ్యవహారాన్ని గుర్తుంచుకోదగిన సూత్రాలుగా మలిచాడు. గింజలోని తేమ ఒక్క శాతం తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపవుతుంది. నిలవ చోటు వేడి సుమారు అయిదు డిగ్రీల సెల్సియస్ తగ్గిన ప్రతిసారీ మళ్లీ రెట్టింపవుతుంది. 14 శాతం తేమ ఉన్న గింజను 10 శాతానికి ఆరబెడితే ఆయుష్షు పదహారు రెట్లు పెరుగుతుందన్నమాట. వడ్లను పంటి కింద కొరికి మళ్లీ ఎండకు పోసిన గృహిణి చేసిన పని ఇదే. ఇంటి నిలవకు మరో సులువైన సూత్రం ఉంది: గది వేడిని ఫారెన్‌హీట్ డిగ్రీల్లోనూ గాలి తేమను శాతంలోనూ తీసుకుని కూడితే మొత్తం వంద దాటకూడదు. 30 సెల్సియస్ డిగ్రీల వేడి, అంటే 86 ఫారెన్‌హీట్ డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న కోస్తా వానాకాలపు గదిలో ఆ మొత్తం 166 అవుతుంది. చల్లని దేశాల పుస్తకాల్లో రాసిన ఆయుష్షు లెక్కలను మచిలీపట్నంలోనో కాకినాడలోనో నమ్ముకోకూడదని ఈ కూడిక ఒక్కటే చెబుతుంది.

అలాంటి పుస్తకాల లెక్క ప్రకారం మంచి నిలవలో ఉల్లి విత్తనం ఏడాది, మిరప, బెండ రెండేళ్లు, చిక్కుడు, క్యారెట్ మూడేళ్లు, టమాటా, వంగ, క్యాబేజీ, గుమ్మడి నాలుగేళ్లు, దోస అయిదేళ్లు నిలుస్తాయి. అంకెలు చోటునుబట్టి మారినా వరుస మారదు: ఉల్లి ముందుగా పోతుంది, దోస జాతి చాలాకాలం ఉంటుంది. మామిడి టెంక, పనస గింజ వంటివి అసలు ఈ లెక్కలోకే రావు. వాటిని ఎండబెడితేనే చచ్చిపోతాయి. రెడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు రాబర్ట్స్ 1973లో ఈ భేదాన్ని గుర్తించి, ఆరబెట్టి దాచగలిగే విత్తనాలనూ, ఆరితే బతకని విత్తనాలనూ రెండు తరగతులుగా విభజించాడు. పొట్లాల్లో అమ్మేవి దాదాపు అన్నీ మొదటి తరగతివే.

తేదీ ఎవరికి చెప్పిన మాట?

భారతదేశంలో 1963లో జాతీయ విత్తన సంస్థ ఏర్పడి, సంకర రకాలు, అధిక దిగుబడి రకాలు వ్యాపించిన కాలంలో, బజారు విత్తనానికి కనీస ప్రమాణం అవసరమైంది. 1966 విత్తన చట్టం ప్రకారం ప్రకటించిన పంటలకు కనీస మొలక శాతం నిర్ణయించారు: వరికి 80, టమాటా, వంగ, ఉల్లికి 70, బెండకు 65, మిరప, సొరకు 60. ధ్రువీకరించిన విత్తన సంచికి కట్టే నీలం ట్యాగు మీద పరీక్ష తేదీ, చెల్లుబాటు గడువు ఉంటాయి. ఆ గడువు పరీక్ష జరిగిన నాటి నుంచి తొమ్మిది నెలలు. గడువు ముగిశాక మళ్లీ పరీక్షించి, మొలక ప్రమాణానికి తగ్గకుండా ఉంటే మరో ఆరు నెలలు పొడిగించవచ్చు.

ఈ పొడిగింపు నిబంధనలోనే తేదీ అసలు స్వభావం బయటపడుతుంది. గింజ ఆ రోజున చచ్చిపోతుందని చట్టం ఎక్కడా అనలేదు; కనీస మొలక శాతం ఏ తేదీ దాకా నిలుస్తుందని ఆశించవచ్చో చెప్పి, ఆ తేదీ దాటిన విత్తనాన్ని అమ్మకూడదని అమ్మేవారిని కట్టడి చేసింది. ఎకరాల కొద్దీ సాగు చేసి, ఒక్క అదనుకే ఏడాది బతుకును పణం పెట్టే రైతుకు ఈ కట్టడి ప్రాణరక్ష వంటిది. పాత గింజకు రంగు వేసి కొత్తదిగా చూపడం 1869 నాటి బ్రిటన్‌లో ఎంత నేరమో, గడువు తీరిన విత్తనాన్ని కొత్త సంచిలో పోసి అంటగట్టడం నేటి తెలుగునాట అంతే నేరం. అదను తప్పిన చేనుకు ఏ నష్టపరిహారమూ సరిపోదు. అయితే తన సొంత పెరట్లో, తన అల్మారాలోని నిరుటి బీర గింజను నాటుకునే వ్యక్తికి ఆ తేదీ నిషేధం కాదు, హెచ్చరిక మాత్రమే.

తడిగుడ్డ తీర్పు

ఆ హెచ్చరికకు జవాబు వెతకడానికి ప్రయోగశాల అక్కరలేదు. పెద్ద కేంద్రాల్లో నాలుగు వందల గింజలను వంద చొప్పున నాలుగు భాగాలుగా తడి కాగితాల్లో చుట్టి, నిర్ణీత వేడిలో ఉంచి లెక్కిస్తారు. త్వరగా తేలవలసినప్పుడు, 1942లో జర్మన్ శాస్త్రజ్ఞుడు గేయోర్గ్ లాకోన్ ప్రకటించిన పద్ధతిలో, చీల్చిన గింజను టెట్రజోలియం ద్రావణంలో నానబెట్టి, ప్రాణమున్న భాగం ఎర్రబడుతుందో లేదో చూస్తారు. ఇంట్లో ఇరవై గింజలు, ఒక పాత నూలుగుడ్డ చాలు. గుడ్డను తడిపి గట్టిగా పిండి, గింజలను ఒకదానికొకటి తగలకుండా పరచి, చాపలా చుట్టి, నీడన ఉంచి, ఆరిపోకుండా తడి చిలకరిస్తూ, చిక్కుడు, దోస వంటి వాటిని వారం రోజులకూ, వంగ, మిరప వంటి వాటిని రెండు వారాలకూ విప్పి చూడాలి. తెల్లని వేరు గట్టిగా పొడుచుకు వచ్చినవి బతికినవి. మెత్తబడి బూజు పట్టినవి పోయినవి. ఇరవైలో తొమ్మిది మొలిస్తే మొలక శాతం 45. అప్పుడు సొరపాదుకు మూడు గింజలకు బదులు నాలుగైదు వేస్తే సరిపోతుంది. ఇరవైలో ఒకటో రెండో మొలిచి, అవి కూడా వంకరగా, సన్నగా ఉంటే ఆ పొట్లం మీద అదను పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. మందు కలిపి రంగు పూసిన గింజలైతే వాటిని తిండికిగానీ కోళ్లకుగానీ వాడకూడదు.

పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌కు చెందిన జన్యు భాండాగారంలో జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ రకాలు వేల సంఖ్యలో, దీర్ఘకాల నిలవకు సున్నాకు ఇరవై డిగ్రీల దిగువ చలిలో, గాలి చొరని పొట్లాల్లో ఉన్నాయి. అంత చలిలో కూడా గింజలను శాశ్వతంగా వదిలేయరు. ఇలాంటి భాండాగారాలు పాటించే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, కొన్ని ఏళ్లకొకసారి కొద్ది గింజలు తీసి మొలకెత్తించి చూసి, తొలినాటి మొలక శక్తిలో 85 శాతం కన్నా కిందికి జారితే, ఆ రకాన్ని మళ్లీ పొలంలో విత్తి కొత్త గింజ తీయాలి. ప్రపంచంలోకెల్లా మేలైన శీతల గది కూడా చివరకు చేరేది పస్తాపూర్ మహిళల బుట్ట చేరిన చోటికే: దాచడం విత్తడానికే, విత్తనిదే దాచడం నిలవదు.

ఈ చరిత్ర అంతా కలిపి చూస్తే, గింజ వయసుకు మనిషి వెతికిన కొలతలన్నిటిలో మొలక ఒక్కటే మొదటి నుంచి చివరి దాకా మారకుండా నిలిచిందని తెలుస్తుంది. పాలికలోని నవధాన్యాలకూ, థారాంట్ ప్రయోగశాలకూ, బీల్ సీసాకూ, ఇక్రిశాట్ పరీక్షకూ తుది తీర్పరి అదే. తేదీ బజారుకు కావాలి, ఉండాలి కూడా. గింజను మాత్రం గింజనే అడగాలి. పాత పొట్లం చేతికి దొరికిన ఇంట్లో ఇరవై గింజలు తడిగుడ్డలోకి వెళ్లి, వాటిలో తొమ్మిది తెల్లని వేళ్లు చాచిన రోజున, ఆ తొమ్మిదింటినీ పాదులో పెట్టి, పండిన మొదటి కాయను కోయకుండా తీగకే ఎండనిస్తే, ఆ రకానికి గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.